పాత పాల లెక్కల ప్రోగ్రాము, కొత్త విండోస్: సంఘ కార్యదర్శులు గమనించవలసిన విషయాలు

గ్రామ పాల సంఘంలో కంప్యూటరు ప్రవేశించిన తరువాత కార్యదర్శికి కూడికలు, గుణకారాల శ్రమ చాలావరకు తగ్గినదని అందరికీ విదితమే. పూట పూటకు పోసిన పాలు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., దాణా బాకీ, అప్పు వాయిదా, ఇవన్నీ కంప్యూటరే లెక్క కట్టి పదిహేను రోజులకొకసారి బిల్లు తీసి ఇచ్చుచున్నది. అయితే చాలా సంఘాలలో ఈ లెక్క కట్టే ప్రోగ్రాము పది, పదిహేను, కొన్నిచోట్ల ఇరవై ఏండ్ల నాటిది. దానిని వ్రాసి ఇచ్చినవారు నేడు అందుబాటులో ఉండకపోవచ్చు. ప్రోగ్రాము పాతదైనా పని చేయుచున్నది గనుక ఎవరూ దాని జోలికి పోలేదు.

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు మైక్రోసాఫ్టు వారి సాధారణ మద్దతు ముగిసినది. అంతకుముందు విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న ఇదే విధంగా ముగిసినది. మద్దతు ముగిసిన కంప్యూటరు ఆగిపోదు. భద్రతా సవరణలు మాత్రం రావు. సభ్యుల సొమ్ము బ్యాంకు ఖాతాలకు పంపే కంప్యూటరును అటువంటి స్థితిలో ఇంటర్నెట్టుకు కలిపి ఉంచుట క్షేమం కాదు. అందుచేత అన్నవరం, శంఖవరం, తొండంగి, తుని, ప్రత్తిపాడు ప్రాంతాలలో మేము వెళ్లినచోటనెల్లా కార్యదర్శులు ఒకే ప్రశ్న వేయుచున్నారు: "విండోస్ 11కు మారితే మా పాత ప్రోగ్రాము నడుస్తుందా, అండీ?" ఈ వ్యాసం ఆ ప్రశ్నకు సమాధానము.

పాత ప్రోగ్రాము ఎందుకు మొరాయించును?

పూర్వం మన ప్రాంతంలో పాలు సోలలు, తవ్వలలో కొలిచేవారు. తరువాత లీటర్లు వచ్చినవి. రెండు లెక్కలూ తెలిసినవాడు ఒకడు అంగడిలో ఉన్నంతకాలం పాత లెక్క చెప్పేవారికి ఇబ్బంది లేదు. అతడు వెళ్లిపోయిన తరువాత తవ్వ అంటే అర్థమయ్యేవారే ఉండరు. కంప్యూటరులోనూ ఇంతే. ప్రోగ్రాములు 16 బిట్, 32 బిట్, 64 బిట్ అని మూడు తరాలుగా వచ్చినవి. 32 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాముల మాట తెలిసిన దుబాసి ఒకడుండేవాడు. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ మాట తెలిసిన దుబాసి ఉన్నాడు గాని 16 బిట్ మాట తెలిసినవాడు లేడు. 2021 అక్టోబరులో విడుదలైన విండోస్ 11 కేవలం 64 బిట్ రకంలోనే ఉన్నది. 32 బిట్ రకం లేనేలేదు.

దీనిని బట్టి మన ప్రోగ్రాములు మూడు తరగతులుగా విడివడును.

(1) డాస్ ప్రోగ్రాములు. ఫాక్స్‌ప్రో 2.6, క్లిప్పరు వంటి వాటితో వ్రాసి నల్లని తెర మీద అక్షరాలతో నడిచేవి. ఇవి 16 బిట్ తరానికి చెందినవి. విండోస్ 11లో నేరుగా నడవవు. ఏ మీట నొక్కినా, ఏ సర్దుబాటు చేసినా నడవవు. కనుక ఆ ప్రయత్నంలో కాలం వృథా చేయరాదు.

(2) విజువల్ బేసిక్ 6, విజువల్ ఫాక్స్‌ప్రో వంటి వాటితో వ్రాసిన విండోస్ ప్రోగ్రాములు. ఇవి 32 బిట్‌వి. సాధారణంగా నడుచును. చిక్కు వచ్చినా అది ప్రోగ్రాములో గాక దానికి తోడుగా ఉండవలసిన ఫైళ్లలోను, సర్దుబాట్లలోను ఉండును.

(3) ప్రింటరు, మిల్క్ ఎనలైజరు, కాటా వంటి పరికరాలను కంప్యూటరుతో కలిపే డ్రైవర్లు. వీటికి దుబాసి సహాయం లేదు. 64 బిట్ విండోస్‌కు 64 బిట్ డ్రైవరే కావలెను.

మన ప్రోగ్రాము ఏ తరగతిదో పాత కంప్యూటరులోనే తెలుసుకొనవచ్చును. ప్రోగ్రామును తెరిచి ఉంచి టాస్క్ మేనేజరులో చూడవలెను. నడుచుచున్న వాటి జాబితాలో 'ఎన్‌టీవీడీఎం' అనే పేరు కనిపించినచో అది 16 బిట్ ప్రోగ్రాము. ఆ పేరే దుబాసి పేరు.

మార్పుకు ముందు చేయవలసిన పనులు

అన్నిటికంటె ముఖ్యమైనది నకలు. ప్రోగ్రాము ఉన్న ఫోల్డరును మొత్తంగా రెండు వేర్వేరు పెన్‌డ్రైవులలోకి తీసి, ఒకటి సంఘంలోను, ఒకటి అధ్యక్షులవారి వద్దను ఉంచవలెను. కొందరు డీబీఎఫ్ ఫైళ్లు మాత్రమే తీసుకొని మిగిలినవి వదిలివేయుచున్నారు. వాటి ప్రక్కనే ఎఫ్‌పీటీ అనే తోడు ఫైలు ఉన్నచోట అది లేనిదే డీబీఎఫ్ తెరుచుకోదు. సర్దుబాట్లు వ్రాసి ఉంచే ఐఎన్‌ఐ ఫైళ్లు కూడ అవసరమే. ఏది కావలెనో ఏది అక్కరలేదో ఆలోచించకుండా ఫోల్డరు మొత్తం తీయుటే మంచిది.

రెండవది, ప్రోగ్రాములోని సర్దుబాట్ల తెరలన్నిటిని ఫోనుతో ఫోటో తీసి ఉంచవలెను. ధరల పట్టిక, ఎస్.ఎన్.ఎఫ్. లెక్కలో కలిపే స్థిరాంకం, లీటరును కిలోగా మార్చే సంఖ్య, ఎనలైజరు కలిపిన పోర్టు సంఖ్య, దాని వేగం, ఇవన్నీ అందులో ఉండవలెను. ఆ స్థిరాంకం యూనియనుకు యూనియనుకు తేడాగా ఉండును. ప్రోగ్రామును కొత్తగా ఎక్కించినప్పుడు అది మొదట తయారైనప్పుడు పెట్టిన సంఖ్యకు తిరిగి పోవచ్చును.

మూడవది, సభ్యులవారీ నిలువల పట్టికను కాగితం మీద ముద్రించి, తేదీ వేసి, కార్యదర్శి సంతకంతో ఫైలులో ఉంచవలెను. మార్పు తరువాత లెక్క కుదిరినదా లేదా అని తేల్చేది ఈ కాగితమే.

ఉన్న కంప్యూటరులోనే విండోస్ 10 నుండి 11కు మారినవారు 10 రోజులలోగా పాత స్థితికి తిరిగి పోవచ్చును. సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ అనే చోట ఆ సదుపాయం గలదు. మన బిల్లు 15 రోజులది. మొదటి బిల్లు తీసే రోజుకు వెనుకకు పోయే దారి మూసుకొని పోవును. కాబట్టి బిల్లు రోజు వరకు ఆగక, మారిన రోజుననే పాత పక్షం అంకెల నకలుతో ఒక మాదిరి బిల్లు తీసి చూడవలెను.

చాలా పాత కంప్యూటర్లు విండోస్ 11కు అర్హత పొందవు. టీపీఎం 2.0 అనే భద్రతా భాగము, 4 జీబీ మెమరీ, 64 జీబీ నిలువ స్థలము, ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదవ తరం లేక తరువాతి ప్రాసెసరు కావలెను. అట్టి సంఘాలు కొత్త కంప్యూటరు కొనవలసి వచ్చును. పాతదానిని వెంటనే ఇచ్చివేయరాదు, తుడిచివేయరాదు. రెండు బిల్లులు సరిగా బటవాడా అయి, ఆ సంవత్సరపు ఆడిట్ ముగిసేవరకు ఇంటర్నెట్టు తీసివేసి భద్రపరచవలెను.

32 బిట్ ప్రోగ్రాము నడవకపోతే ఈ వరుసలో చూడవలెను

మొదట, ప్రోగ్రామును ఎక్కడ ఉంచినాము? 2007లో వచ్చిన విస్టా నాటినుండి 'ప్రోగ్రామ్ ఫైల్స్' ఫోల్డరులోకి మామూలు హోదాలో వ్రాయుటకు విండోస్ అంగీకరించదు. పాత ప్రోగ్రాము ఆ సంగతి తెలియక అక్కడే వ్రాయబోవును. విండోస్ దానిని ఆపక, ఆ అంకెలను ఆ వినియోగదారుని సొంత ఫోల్డరులో 'వర్చువల్‌స్టోర్' అనే దాపరికపు చోట వ్రాయించును. కార్యదర్శి ఒక పేరుతోను, సహాయకుడు మరొక పేరుతోను కంప్యూటరు తెరిచినచో ఒకే సంఘానికి తెలియకుండానే రెండు ఖాతా పుస్తకాలు ఏర్పడును. ఉదయం పూట పాలు ఒకదానిలో, సాయంత్రం పూట పాలు మరొకదానిలో పడును. నకలు తీసేటప్పుడు అసలు ఫోల్డరు మాత్రమే తీస్తే కొత్త అంకెలు రానేరావు. కనుక పాత కంప్యూటరులో వర్చువల్‌స్టోర్‌ను తప్పక వెదకవలెను. కొత్త కంప్యూటరులో ప్రోగ్రామును సి డ్రైవులో 'పాలు' వంటి విడి ఫోల్డరులో ఉంచవలెను.

రెండవది, తోడు ఫైళ్లు. 'ఫలానా ఓసీఎక్స్ లేదు' అని తెర మీద వస్తే ప్రోగ్రాము చెడినదని భయపడనక్కరలేదు. విజువల్ బేసిక్ ప్రోగ్రాములు ఎనలైజరు నుండి అంకెలు చదువుటకు ఎంఎస్‌కామ్32 అనే తోడు ఫైలును వాడును. ప్రోగ్రాముతో వచ్చిన అసలు సీడీ నుండి మరల ఎక్కించినచో అది తన చోటికి చేరును. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ ఫైళ్ల చోటు 'సిస్‌వావ్64' ఫోల్డరు. పేరులో 64 ఉన్నందున చాలామంది పొరబడుచున్నారు. ఇటువంటి ఫైళ్లను ఇంటర్నెట్టులో ఊరుపేరు లేని చోట్ల నుండి దించుకొనరాదు. 'డాట్‌నెట్ 3.5 కావలెను' అని వస్తే విండోస్ ఫీచర్స్ జాబితాలో దానికి టిక్కు పెట్టిన చాలును.

మూడవది, అనుకూలత సర్దుబాటు. ప్రోగ్రాము గుర్తు మీద మౌసు కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ అనే పుట తెరిచి, విండోస్ 7 లేక ఎక్స్‌పీ అని ఎంచవలెను. దీనివలన కొత్త విండోస్ తనను పాత విండోస్‌గా ప్రోగ్రాముకు చెప్పుకొనును. అందుకు లోబడే ప్రోగ్రాములు నడుచును. అదే పుటలో నిర్వాహకుని హోదాలో నడిపే సదుపాయం గలదు గాని, దానిని చివరి మార్గంగా మాత్రమే వాడవలెను.

ఎనలైజరు, కాటా, ప్రింటరు

ఎనలైజరు నుండి వచ్చే తీగె పాత సీరియల్ పోర్టుది. కొత్త కంప్యూటర్లలో ఆ పోర్టు సాధారణంగా ఉండదు గనుక యూఎస్‌బీ మార్పిడి తీగె వాడుచున్నాము. ఇందులో రెండు చిక్కులు గలవు. మార్పిడి తీగెలోని చిప్పు మరీ పాతదైతే కొత్త డ్రైవరు దానిని అంగీకరించదు. డివైస్ మేనేజరులో పసుపు పచ్చని త్రికోణం కనిపించును. విస్తారంగా వాడుకలో ఉన్న పీఎల్2303 చిప్పులలో 2012లోనే తయారీ నిలిపివేసిన పాత రకాలకు ఈ గతి పట్టినది. అట్టిచోట తీగె మార్చుటే మార్గము. రెండవ చిక్కు పోర్టు సంఖ్య. కొత్త కంప్యూటరు ఆ తీగెకు కామ్ 7 అనో, కామ్ 12 అనో సంఖ్య ఇచ్చును. పాత ప్రోగ్రాము కామ్ 1 నుండి 4 వరకే ఎరుగును. డివైస్ మేనేజరులో పోర్టు మీద నొక్కి, అడ్వాన్స్‌డ్ అనే చోట సంఖ్యను తగ్గించుకొనవచ్చును. ఆ తరువాత తీగెను ఎప్పుడూ అదే యూఎస్‌బీ రంధ్రంలో పెట్టవలెను.

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు విషయంలో పాత ప్రోగ్రాము ఎల్‌పీటీ1 అనే పోర్టుకే అచ్చు పంపును. నేడు ప్రింటరు యూఎస్‌బీ మీద ఉండును. ప్రింటరును షేరు చేసి ఒక చిన్న పేరు పెట్టి, కమాండు తెరలో 'నెట్ యూజ్' ఆదేశంతో ఎల్‌పీటీ1ను ఆ పేరుకు కట్టవలెను. ప్రోగ్రామును నిర్వాహకుని హోదాలో నడుపుచున్నచో మామూలు హోదాలో కట్టిన ఈ ముడి దానికి కనిపించదు. అదే హోదాలో మరల కట్టవలెను. అన్నీ సరిగా ఉన్నా కాగితం మీద అచ్చు రాలేదనే సంఘాలు మొదట ఈ సంగతి చూచుకొనవలెను.

తెలుగు పేర్లు అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలుగా కనిపించినచో అంకెలు చెడలేదు. పాత ఫాంటు లేదని మాత్రమే అర్థము. పాత కంప్యూటరులోని ఫాంటు ఫైలును తెచ్చి ఎక్కించిన సరిపోవును. అయితే కొత్త సభ్యుల పేర్లను నేటి యూనికోడు తెలుగులో ఎక్కించి పాత పేర్లతో కలపరాదు. అట్లు కలిపినచో వెదకుట, అకారాది క్రమము రెండూ చెడును.

తేదీ విషయంలో విశేష జాగ్రత్త

పైన చెప్పిన చిక్కులన్నీ కంటికి కనిపించేవి. ప్రోగ్రాము ఆగిపోవును, మనము బాగు చేయుదుము. కంటికి కనిపించకుండా సొమ్మును తారుమారు చేసేవి రెండు గలవు. ఒకటి తేదీ, రెండు లెక్క సంఖ్యలు.

కొత్త విండోస్‌ను అమెరికా పద్ధతి ఇంగ్లీషుతో ఎక్కించినచో తేదీలో ముందు నెల, తరువాత రోజు వచ్చును. మేము తనిఖీ చేసిన ఒక సంఘంలో 2025 నవంబరు మొదటి పక్షం బిల్లు ఈ విధంగా తారుమారైనది. 01-11 అని కొడితే కంప్యూటరు జనవరి 11గా తీసుకొన్నది. 12-11ను డిసెంబరు 11గా తీసుకొన్నది. 13వ నెల లేదు గనుక 13-11ను తానే సర్దుకొని నవంబరు 13గా సరిగా తీసుకొన్నది. 14, 15 తేదీలూ అంతే. 11-11 ఎటు చదివినా ఒకటే. ఫలితంగా 15 రోజుల పాలకు 11, 13, 14, 15 తేదీల పాలు మాత్రమే బిల్లులోకి వచ్చినవి. ప్రోగ్రాము ఎక్కడా ఆగలేదు, తప్పని చెప్పలేదు. అందంగా అచ్చు వేసి ఇచ్చినది.

అది కార్తీక మాసము. అన్నవరం కొండకు యాత్రికుల తాకిడి ఎక్కువగా ఉండే రోజులు. పాలకు గిరాకీ ఉండి సభ్యులు నిండుగా పోసినారు. నాలుగు రోజుల సొమ్ము చేతికి వచ్చేసరికి, రెండు గేదెల మీద ఇల్లు గడుపుకొనే ఆడవారు, "మా పదకొండు రోజుల పాలు ఎవరు తాగారు, బాబూ?" అని కార్యదర్శిని నిలదీసినారు. ఎదుటి గ్రామంలో ప్రైవేటు కేంద్రం ఉన్నది. మరునాటి ఉదయం కొన్ని క్యాన్లు అటు పోయినవి. ఆ సంఘాన్ని నిలబెట్టినది చేతి రిజిస్టరు. పూట పూటకు పాలు, వెన్న శాతం వ్రాసి ఉంచినందున, సభ్యుల పాస్ పుస్తకాలతో సరిచూచి, తేదీ పద్ధతి మార్చి, అంకెలు మరల ఎక్కించి మూడవ రోజున పూర్తి బిల్లు ఇవ్వగలిగినారు. రిజిస్టరు మానివేసి ఉంటే ఆ మూడు రోజులు మూడు నెలలయ్యేవి.

కాబట్టి కంట్రోలు పానెల్‌లో రీజియన్ అనే చోట ఇంగ్లీషు (ఇండియా) అని ఎంచి, తేదీ ముందు, నెల తరువాత వచ్చునట్లు చూచుకొనవలెను. కంప్యూటరులోని ప్రతి వినియోగదారుని పేరు క్రింద విడివిడిగా ఇది చూడవలెను.

రెండవది లెక్క సంఖ్య. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు. సర్దుబాటు పోయి ప్రోగ్రాము లీటరునే కిలోగా తీసుకొన్నదనుకొందాము. రోజుకు 5 లీటర్లు పోసే సభ్యునికి 15 రోజులలో 75 లీటర్లు, అనగా 77.25 కిలోలు. వెన్న 6.5 శాతమైతే రావలసిన వెన్న 5.02 కిలోలు. తప్పు లెక్కలో వచ్చేది 4.875 కిలోలు. తేడా సుమారు 146 గ్రాములు. ఒక సభ్యునికి ఇది చిన్నదిగా కనిపించును. అట్టి సభ్యులు 80 మంది ఉంటే పక్షానికి 11 కిలోల 700 గ్రాముల వెన్న లెక్కలో మాయమగును.

డాస్ ప్రోగ్రాము ఉన్న సంఘాలకు

నేరుగా నడవదని పైన చెప్పినాము. మూడు దారులు గలవు. మొదటిది వీడాస్ వంటి ప్రోగ్రాము. ఇది కొత్త విండోస్‌లో డాస్ వాతావరణాన్ని కల్పించి, ఎల్‌పీటీ1 అచ్చును విండోస్ ప్రింటరుకు పంపును. డాస్‌బాక్స్ కూడ ఇట్టిదే గాని అది ఆటల కొరకు తయారైనది. అచ్చు విషయంలో అక్కరకు రాదు. రెండవది, పాత కంప్యూటరునే ఇంటర్నెట్టు లేకుండా బిల్లుకు మాత్రం వాడుకొని, బ్యాంకు పనులు కొత్త కంప్యూటరులో చేయుట. ఇది తాత్కాలికమే. పాత యంత్రం హార్డు డిస్కు పోయిన రోజున ఈ దారి మూసుకొనును.

మూడవది, కొత్త ప్రోగ్రాముకు మారుట. డీబీఎఫ్ ఫైళ్లు ఏ ఒక్క ప్రోగ్రాముకూ బందీలు కావు. ఉచితంగా దొరికే లిబ్రేఆఫీసు క్యాల్క్‌లో వాటి నకలు తెరిచి సభ్యుల జాబితా, నిలువలు చూడవచ్చును. అసలు ఫైలును మాత్రం అందులో తెరిచి భద్రపరచరాదు. గడుల వెడల్పు మారి పాత ప్రోగ్రాము దానిని చదవలేకపోవచ్చును.

ఏ దారి ఎంచుకొన్నా పాలకవర్గం సమావేశంలో చర్చించి తీర్మానం వ్రాసుకొనవలెను. ఇది సభ్యులందరి సొమ్ముకు సంబంధించిన విషయము గనుక కార్యదర్శి ఒక్కని మీద వేయుట న్యాయం కాదు.

చివరి పరీక్ష

మార్పు పూర్తయినదని అనుకొనేముందు పదిమంది సభ్యులను ఎంచుకొనవలెను. ఎక్కువ పోసేవారు, తక్కువ పోసేవారు, ఆవు పాలు, గేదె పాలు, దాణా బాకీ ఉన్నవారు, లేనివారు అందులో ఉండవలెను. జరిగిపోయిన పక్షంలో వారి బిల్లును కొత్త కంప్యూటరులో తీసి, పాత బిల్లుతో పైసాతో సహా సరిచూడవలెను. ఒక్క పైసా తేడా ఉన్నా కారణం తెలిసేవరకు బటవాడా చేయరాదు. తరువాత రెండు పక్షాల పాటు చేతి రిజిస్టరు తప్పక వ్రాయవలెను.

సహాయం కొరకు ఫోను చేసేవారు 'కంప్యూటరు పని చేయుటలేదు' అని చెప్పిన ఎవరికీ ఏమీ తెలియదు. తెర మీద వచ్చిన మాటల ఫోటో, విండోస్ ఏ రకమో, చిక్కు ఏ రోజున మొదలైనదో, అంతకుముందు ఏమి మార్చినారో, ఈ నాలుగూ చెప్పినచో సగం పని అయినట్లే.

ఈ సంచిక అందిన వారంలోగా ప్రతి సంఘం తన ప్రోగ్రాము ఏ తరగతిదో తెలుసుకొని, ఫోల్డరు నకలు తీసి, తేదీ పద్ధతి చూచుకొని, ఆ మూడు విషయాలు మినిట్స్ పుస్తకంలో వ్రాసి ఉంచవలసినదిగా కోరుచున్నాము. మా తదుపరి తనిఖీలో ముందుగా ఆ పుటనే అడుగుదుము.